పాత పందెము – క్రొత్త పందెము

పాతవస్తువును క్రొత్తవస్తువును ప్రక్కప్రక్కన ఉంచి చూచునపుడు మనుష్యులు సాధారణముగా రెండు పక్షములుగా చీలుదురు. “ఆ కాలపు పనితనము ఇప్పుడెక్కడిది?” అని పెద్దలు నిట్టూర్చుదురు. “అది ముసలి సరకు, దీనిని చూడుడు” అని పిన్నలు నవ్వుదురు. ఈ రెండు మాటలలోను తొందరపాటే కలదు. పోల్చుట యనునది ఒక విద్య. ఏ కొలతతో కొలుచుచున్నామను సంగతి ముందుగా తేల్చుకొననిదే ఆ విద్య పట్టువడదు. పిల్లలకు మిక్కిలి ప్రియమైన ఒక వీడియో ఆటను ఉదాహరణముగా గైకొని ఈ విద్యను కొంత అభ్యసింతము. అది మారియో కార్టు అను పందెపుటాట. 1992లో జపాను దేశమున పుట్టిన ఈ ఆట 2025 వరకు మాటిమాటికి క్రొత్తరూపము దాల్చుచు వచ్చినది.

మొదట కొలత సంగతి చూతము. మన పల్లెలలో పెద్దపిల్లలు ఆడుకొనుచుండగా ఒక చిన్నపిల్ల వచ్చి, “నేనును ఆడుదును” అని మారాము చేసినచో, “సరే, నీవు ఆటలో అరటిపండువు” అని చేర్చుకొందురు. ఆమె పరుగెత్తవచ్చును, కేకలు వేయవచ్చును. పట్టుబడినను దొంగ కానక్కరలేదు. ఆటలో ఆమెకు చోటు దొరకినది గాని లెక్కలో చోటు దొరకలేదు. చిన్నదానికి లెక్కలోనే చోటిచ్చి, పెద్దవారి నేర్పునకు లోటు రాకుండ ఆడించుట యెట్లు? ఇది ఆటలకు సంబంధించిన ప్రశ్నలలో మిక్కిలి కఠినమైనది. మారియో కార్టు చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు వెదకిన సమాధానముల చరిత్రయే. కావున పాత ఆటలను క్రొత్త ఆటలను ఈ కొలతతోనే కొలుతము.

కార్టు అనగా పైకప్పు లేక, నేలకు మిక్కిలి దగ్గరగా ఉండు చిన్న మోటారు బండి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1956లో ఆర్ట్ ఇంగెల్స్ అను నతడు దీనిని మొదట నిర్మించెను. మన ఆటను కల్పించిన సంస్థ నింటెండో. ఇది 1889లో జపానులోని క్యోటో నగరమున పేకముక్కలు తయారుచేయుటకై వెలసినది. కాలక్రమమున ఆటబొమ్మలలోనికిని, పిదప వీడియో ఆటలలోనికిని దిగినది. ఎఱ్ఱటోపీయు గుబురుమీసములును గల మారియో ఈ సంస్థ సృష్టించిన పాత్రయే. ఇతడు వృత్తిచేత నీటిగొట్టములు బాగుచేయు పనివాడు.

1990లో నింటెండో వారు ఎఫ్-జీరో అను పందెపుటాటను వెలువరించిరి. అది మహావేగము గల ఆట. కాని ఒక్కరు మాత్రమే ఆడదగినది. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి ఆడదగిన పందెమును కల్పింపవలెనని తడాషి సుగియామా, హిదేకి కొన్నో అను దర్శకులు పూనుకొనిరి. షిగేరు మియమోటో నిర్మాతగా వారికి దారి చూపెను. తెరను అడ్డముగా రెండు సగములు చేసి, పై సగము ఒకరికి, క్రింది సగము మరియొకరికి ఇచ్చిరి. అప్పుడొక చిక్కు వచ్చినది. ఒకే యంత్రము రెండు దృశ్యములను ఏకకాలమున గీయవలసి వచ్చుటచేత ఎఫ్-జీరోలో వలె పొడవైన తిన్నని బాటలపై మహావేగముతో పరుగెత్తించుట సాధ్యము కాలేదు. అందుచేత వారు వేగమును తగ్గించి మలుపులను పెంచిరి. చిన్న బాటలు, చిన్న బండ్లు, ఎడతెగని వంకరలు – ఇట్లు యంత్రము యొక్క బలహీనతనుండియే కార్టుల ఆట పుట్టినది. తొలుత బండిపై కూర్చుండబెట్టినది ఎవరో ఒక సామాన్య పనివానిని. కొన్ని నెలల తరువాత ఆ చోట మారియోను ఉంచి చూడగా బాగుండెను. అంతట అతడే నిలిచిపోయెను.

1992 ఆగస్టు 27న జపానులో సూపర్ మారియో కార్ట్ అను పేర ఈ ఆట సూపర్ ఫామికామ్ యంత్రముపై వెలువడెను. ఆ యంత్రమునకు కొండలను లోయలను నిజముగా నిర్మించి చూపు శక్తి లేదు. ఒక పెద్ద పటమును నేలపై పరచినట్లు చూపి, ఆటగాని చూపునకు తగినట్లు దానిని త్రిప్పుచు, దగ్గరి భాగమును పెద్దదిగాను దూరపు భాగమును చిన్నదిగాను కనబఱచు యుక్తి మాత్రము దానికి తెలియును. ఈ యుక్తికి మోడ్ 7 అని పేరు. నేలపై పరచిన తివాచీ తిరుగుచుండగా దానిపై బొమ్మబండి నిలిచియున్నట్లు ఊహించుకొన్నచో ఇది బోధపడును. కావుననే ఆనాటి బాటలన్నియు బల్లపరుపుగా ఉండెను. లెక్కలు త్వరగా కట్టుటకై ఆట క్యాసెట్టులోనే డి.ఎస్.పి-1 అను మరియొక చిప్పును అమర్చిరి. ఆట మొత్తము 512 కిలోబైట్లలో ఇమిడినది. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు సాధారణముగా అంతకంటె ఎక్కువ చోటు పట్టును. అంత చిన్న చోటులోనే 8 మంది పందెగాండ్రు, 20 బాటలు, మూడు తరగతుల వేగములు ఇమిడియుండెను.

ఆ ఆట దయలేని గురువు వంటిది. ఒక్కొక్క పందెమునకు అయిదు చుట్లు తిరుగవలెను. మొదటి నలుగురిలో చేరనిచో ఆ పందెము లెక్కకు రాదు, తిరిగి ఆడవలసినదే. అట్లు తిరిగి ఆడుటకును కొన్ని అవకాశములే కలవు. బాటపై చల్లబడిన నాణెములను ఏరుకొన్నకొలది వేగము హెచ్చును. నాణెము లేనివానిని మరియొక బండి తాకినచో అతడు గిఱ్ఱున తిరిగి ఆగిపోవును. మలుపులలో బండిని ఎగిరించి జారవిడుచు విద్య రాని వాడు గోడలకు కొట్టుకొనుచునే యుండును. ఇంతకు తోడు, యంత్రము నడుపు ప్రత్యర్థులకు తమ తమ ఆయుధములు తరుగక దొరకును. మారియోకు నక్షత్రము, యోషికి గ్రుడ్డు, బౌసరునకు అగ్నిగోళము అట్టివి. మనుష్యుడైన ఆటగాడు మాత్రము నేలపైని ప్రశ్నార్థకపు పలకను త్రొక్కి, దొరకినదానితో తృప్తిపడవలెను. నేర్చినవానికి ఆ ఆట గొప్ప సంతోషము నిచ్చెను. ఏలన, అక్కడ గెలుపు దాదాపు నేర్పు యొక్క ఫలమే. నేర్వనివాడు చాలకాలము వెనుకనే ఉండవలసి వచ్చెను.

ఐనను తరువాతి ఆటలన్నిటికి మూలమైన ఒక బీజము ఇందులోనే కలదు. ముందున్నవానికి అరటితొక్క వంటి స్వల్పమైన వస్తువు, వెనుకబడినవానికి నక్షత్రము, పిడుగు వంటి బలమైన వస్తువు దొరకునట్లు ఏర్పాటు చేసిరి. పిడుగు పడినచో ఇతరులందఱు కుంచించుకుపోయి నెమ్మదించుదురు. వెనుకబడినవానికి చేయూత నిచ్చుట యను ధర్మము ఇట్లు మొదలైనది.

1996లో నింటెండో 64 యంత్రముపై మారియో కార్ట్ 64 వచ్చెను. ఇప్పుడు బాటలకు ఎత్తుపల్లములు కలిగెను. నలుగురు ఒకే తెరముందు కూర్చుండి ఆడగలిగిరి. చుట్లు అయిదునుండి మూడునకు తగ్గినవి. ఇన్నిటికంటె ప్రసిద్ధమైన మార్పు నీలి తాబేటిడిప్ప. దీనిని వెనుకనున్నవాడు వదలును. అది దారి వెంట పోయి, అందరికంటె ముందున్న బండిని వెదకి కొట్టును. చివరి మలుపులో విజయము చేతికందుచుండగా నీలిడిప్ప తగిలి ఓడిపోయినవారు ఎందఱో కలరు. “కష్టపడి ముందుకు వచ్చినవానిని శిక్షించుట న్యాయమా?” అని వారి వాదము. “ఒకడే ఎల్లప్పుడు ముందుండు పందెమును మిగిలిన ముగ్గురేల ఆడవలెను?” అని ఎదుటివారి వాదము. రెండింటిలోను సత్యము కలదు. పరుగుపందెమున ఇట్టి డిప్పను విసరుట అన్యాయమే. కాని ఇంటిలో అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కలిసి ఆడుకొను ఆటకు లక్ష్యము వేరు. అందఱికి చివరివరకు ఆశ నిలుచుటయే అక్కడ ప్రధానము.

ఐతే చేయూత ఒక్కటే మార్గము కాదు. 2003లో వచ్చిన డబుల్ డ్యాష్ అను ఆట మరియొక సమాధానమును చూపినది. అందు ఒక్కొక్క బండిపై ఇద్దరు కూర్చుందురు. ఒకరు బండిని తోలుదురు, మరియొకరు వెనుక నిలిచి వస్తువులను విసరుదురు. నేర్పరియైన అక్క బండి తోలుచుండగా, క్రొత్తగా వచ్చిన తమ్ముడు వెనుకనుండి డిప్పలు విసరవచ్చును. గెలిచినచో ఇద్దరిదియు గెలుపే. ఇక్కడ చిన్నవాడు అరటిపండు కాడు. అతని పని అతనిది, దానికి లెక్క కలదు. ఒక ఆటలో రెండు పనులు కల్పించి, ఎవరికి తగిన పనిని వారికిచ్చిన ఈ ఉపాయము మిక్కిలి మెచ్చదగినది.

2005లో నింటెండో డి.ఎస్. అను చేతియంత్రముపై వచ్చిన ఆటతో ఇంటర్నెట్టు ద్వారా దూరదేశస్థులతో పందెము వేయుట మొదలైనది. అంతట నేర్పరుల బలము మరియొక విధముగా బయలుపడెను. మలుపులో బండిని జారవిడిచి, మీటను కుడియెడమలకు ఆడించినచో ఒక చిన్న వేగోత్సాహము కలుగును. అది మలుపులకై ఉద్దేశించిన విద్య. నేర్పరులు దానిని తిన్నని దారిలో కూడ ప్రయోగించి, పామువలె మెలికలు తిరుగుచు ముందునకు దూసికొనిపోయిరి. ఈ విద్య తెలియనివాడు తెలిసినవానిని అందుకొనుట దుర్లభమయ్యెను. అందుచేత 2008లో వీ యంత్రముపై వచ్చిన ఆటలో, జారుడు కొంతసేపు నిలిచిననే గాని ఆ వేగము రాకుండునట్లు మార్చిరి. తిన్నని దారిలో పాము నడక అంతటితో అణగెను. అదే ఆటతోపాటు కారు చక్రము వంటి ప్లాస్టిక్కు చక్రమును కూడ ఇచ్చిరి. ఎన్నడు వీడియో ఆట ముట్టనివారు సైతము దానిని పట్టుకొని అటునిటు త్రిప్పి బండిని నడిపిరి. పందెగాండ్రు 8 నుండి 12 మందియైరి. మోటారుసైకిళ్లు కూడ చేరినవి.

2011లో వచ్చిన మారియో కార్ట్ 7లో బండ్లు రెక్కలు విప్పి గాలిలో తేలుటయు, నీటి అడుగున పోవుటయు మొదలైనవి. మధ్యకాలపు పెక్కు ఆటలలో కానరాని నాణెములు అందులో మరల వచ్చినవి. 2014లో వచ్చిన మారియో కార్ట్ 8లో బండ్లు గోడలపైనను, తలక్రిందులుగాను పరుగెత్తినవి. ముందున్నవాడు నీలిడిప్పనుండి తన్ను తాను కాపాడుకొనుటకు పెద్దబూర యను వస్తువును కల్పించిరి. 1996లో లేవనెత్తబడిన ఫిర్యాదునకు 18 సంవత్సరములకు దొరకిన ప్రత్యుత్తరముగా దీనిని భావింపవచ్చును. ఐనను అది ఎప్పుడును చేతిలో ఉండదు, అదృష్టము కలిసిరావలెను.

2017లో ఆ ఆటయే స్విచ్ యంత్రముపై డీలక్స్ అను పేర మరల వెలువడెను. అందు చేర్చిన ఒక సదుపాయము మన ప్రశ్నకు సూటియైన సమాధానము. దానిని ఎంచుకొన్నచో బండి బాటనుండి తొలగబోవునపుడు యంత్రమే దానిని మరల లోపలికి త్రిప్పును. అయిదేండ్ల పసివాడును లోయలో పడక పందెము ముగింపగలడు. కాని ఈ సాయమునకు ఒక వెల కలదు. సాయము పొందుచున్నంతకాలము జారుడు వలన కలుగు వేగములలో అన్నిటికంటె పెద్దది అతనికి దొరకదు. గడ్డిలో పడిపోవు అడ్డదారులును అందవు. పసివానికి చోటు దొరకినది. నేర్పరికి దక్కవలసిన ఆధిక్యము అతనికే దక్కినది. ఇందులో ఒకరికిచ్చినది మరియొకరినుండి లాగికొన్నది కాదు. నీలిడిప్ప కంటె ఇది న్యాయమైన ఉపాయము. మొదటి ఆట సుమారు 87 లక్షల ప్రతులు అమ్ముడుపోగా, ఈ ఆట 6 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. ఇంతమంది దీనిని ఆదరించుటకు గల కారణములలో ఈ కలుపుగోలుతనము ఒకటి కాకపోదు.

ఇన్ని మార్పులలోను పాతవి నశింపలేదు. 2001లో వచ్చిన సూపర్ సర్క్యూట్ అను ఆటలో 1992 నాటి 20 బాటలును దాగియుండెను. 2005 నాటి ఆటలోని 32 బాటలలో 16 పాతవే. 2022, 2023 సంవత్సరములలో డీలక్సునకు 48 బాటలను అదనముగా చేర్చగా మొత్తము 96 అయినవి. ఆ చేర్చిన వానిలో అధికభాగము పూర్వపు ఆటలనుండి తెచ్చి మెఱుగుపెట్టినవే. ఇంద్రధనుస్సు వన్నెలు గల రెయిన్‌బో రోడ్ అను బాటను చూడుడు. 1992లో అది అంచులకు గోడ లేని సన్నని పలక. కాలుజారినచో ఆకాశములో పడిపోవుటయే. 1996లో అదే పేరు గల బాట సుమారు 2 కిలోమీటర్ల పొడవున, అంచులకు కంచెతో, నెమ్మదిగా సాగు విహారమైనది. 2014లో ఈ రెండవ బాటను మరల గీసినపుడు మూడు చుట్లు మాని, ఒకే దీర్ఘయాత్రగా మార్చిరి. మొదటిది పరీక్ష, రెండవది విశ్రాంతి, మూడవది ఉత్సవము. వీనిలో ఏది గొప్పదని యడుగుట కంటె, ఏది దేనికై నిర్మింపబడినదని యడుగుట ఉచితము.

2025 జూన్ 5న స్విచ్ 2 యంత్రముతోపాటు మారియో కార్ట్ వరల్డ్ వెలువడెను. పందెగాండ్రు 24 మందియైరి. బాటలు విడివిడిగా నుండక ఒకే విశాలలోకములో దారులచేత కలుపబడినవి. ఒక పందెము ముగిసిన పిమ్మట ఆ దారివెంటనే తరువాతి బాటకు పోవుదురు. ఆ లోకము చూడ ముచ్చటగా ఉన్నది. కాని బాటలను కలుపు దారులు వెడల్పుగాను తిన్నగాను ఉన్నచోట్ల, 1992 నాటి చిన్న బాటలలోని మలుపు మలుపునకు గల చిక్కు కానరాదు. చోటు చాలకపోవుటచేత కలిగిన చిక్కదనము, చోటు విస్తారమైనపుడు కొంత పలుచబడినది. ఇంకొక వింత కూడ కలదు. ఇందలి నాకౌట్ టూర్ అను పందెములో ఒక్కొక్క మజిలీకడ చివరి నలుగురు తొలగింపబడుదురు. 24 మంది 20 అగుదురు, తుదకు నలుగురే మిగులుదురు. వెనుకబడినవారిని ఆపివేయు 1992 నాటి కాఠిన్యము ఇట్లు 33 సంవత్సరములకు క్రొత్త వేషమున తిరిగివచ్చినది. అయితే ఇది ఇష్టమైనవారు ఎంచుకొను పందెము. కఠినమైనది కోరువారికి కాఠిన్యము, సులభమైనది కోరువారికి సౌలభ్యము ఒకే ఆటలో వేర్వేరు వాకిళ్లైనవి.

క్రొత్తదానిలో మనము పోగొట్టుకొనుచున్న దేమైన కలదా? కలదు. డి.ఎస్., వీ యంత్రములకు నింటెండో వారు నడిపిన ఇంటర్నెట్టు సేవ 2014లో ముగిసినది. మారియో కార్ట్ 7 నాటి 3డి.ఎస్. యంత్రమునకు, మారియో కార్ట్ 8 మొదట వచ్చిన వీ యు యంత్రమునకు అట్టి సేవ 2024లో ముగిసినది. ఆ ఆటలు చెడిపోలేదు. కాని వానిని ప్రపంచమంతటితో ముడివేసిన సంస్థవారి దారము తెగినది. 1992 నాటి ఆటకు అట్టి దారము మొదటినుండియు లేదు. యంత్రము పనిచేయుచున్నంతవరకు, ఇద్దరు మిత్రులు ప్రక్కప్రక్కన కూర్చుండి, తెరను చెరిసగము పంచుకొని దానిని ఎప్పటివలెనే ఆడుకొనవచ్చును. దూరపువారిని కలుపు సౌకర్యము గొప్పదే. కాని అది ఇతరుల చేతిలో నున్నది. దగ్గరివారిని కలుపు సౌకర్యము చిన్నది. అది మన చేతిలో నున్నది.

కావున మన తీర్పు ఇట్లుండవలెను. చిన్నవారికిని, క్రొత్తవారికిని లెక్కలో చోటిచ్చు విషయమున క్రొత్త ఆటలే మిన్న. కొద్దిపాటి సాధనముతో చిక్కని ఆటను కల్పించుటలో పాత ఆట నేటికిని ఒజ్జబంతి. నీలిడిప్ప వలె ముందున్నవానిని క్రిందికి లాగుట ఒక పద్ధతి. తోడు కూర్చుండబెట్టుకొనుట, పడకుండ పట్టుకొనుట మరి రెండు పద్ధతులు. ఆటలు నేర్చిన ఈ భేదమును మనుష్యులును నేర్వదగును. వెనుకబడినవానిని ఆదుకొనుటకు ముందున్నవానిని పడద్రోయుట ఒక్కటే మార్గము కాదు. మీ ఆటలలో చిన్నపిల్ల వచ్చి చోటడిగినపుడు, ఆమెను అరటిపండుగా చేర్చుకొనుటతో తృప్తిపడక, ఆమెకు తగిన పని యొకటి ఆటలో కల్పింపగలరేమో ఆలోచింపుడు. అట్టి పని దొరకిన నాడు ఆట చెడదు. మఱింత రక్తి కట్టును.

ప్రశ్నలు

1. సూపర్ మారియో కార్టులోని బాటలు చిన్నవిగా, వంకరలతో ఉండుటకు కారణమేమి?
2. నీలి తాబేటిడిప్పను గూర్చిన రెండు వాదములను వివరింపుము. నీవు ఏ పక్షము వహింతువు? ఎందుచేత?
3. డబుల్ డ్యాష్ అను ఆటలో క్రొత్తవానికి లెక్కలో చోటు ఎట్లు దొరకినది?
4. 1992 నాటి ఆటలోను 2025 నాటి ఆటలోను గల పోలికలను, భేదములను పట్టికగా వ్రాయుము.
5. నీ వెరిగిన ఒక ఆటను తీసికొని, చిన్నపిల్లలు కూడ లెక్కలో చేరి ఆడునట్లు దాని నియమములను మార్చి వ్రాయుము.